మొదటి సున్నుండ

సత్యవేణి చుట్టిన మొదటి సున్నుండను అలవాటు చొప్పున గూట్లో వెంకన్న పటం ముందు పెట్టింది. గోడమీది రుచిపెట్టె ఎర్రగా వెలిగింది.

"తయారీదారు రుచి చూడకుండానే ఒకరికి వడ్డించారు. వంటగది నిలిపివేశాం," అంది పెట్టె. తర్వాతి వాయికి మినుములు సగం వేగాయో లేదో పొయ్యి ఆరిపోయింది.

ఇంట్లో మిఠాయి చేసి అమ్మేవాళ్లు ప్రతి వాయిలోనూ మొదటిది తామే తిని, నాలుక పెట్టెకు చూపించాలి; రుచి సరిపోయిందో లేదో పెట్టే తేలుస్తుంది. చట్టం వచ్చి ఆరేళ్లయింది. సత్యవేణి రోజూ ఇరవై వాయిలు చేస్తుంది, ఇరవైసార్లు తింటుంది.

ఆమె గూట్లోంచి సున్నుండ తీసి కొరికింది.

"దేవుడికి పెట్టింది ఎంగిలి చేసేత్తున్నావేంటే!" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"చెయ్యకపోతే లైసెన్సు పోద్ది అత్తయ్యా," అని సత్యవేణి నాలుక చాపింది. పెట్టె పచ్చగా మారింది, పొయ్యి వెలిగింది. మిగిలిన సగం ముక్కను మళ్లీ పటం ముందు పెట్టింది.

అత్తగారు ఆ సగం ముక్క వంకే కాసేపు చూసింది.

"పోన్లే. తీపన్నా సరిపోయిందా?"

సత్యవేణి నోట్లో ఇంకా పిండి ఉంది. ఆమె తలెత్తి పెట్టెవైపు చూసింది.

"సరిపోయిందంట," అంది.