దుప్పటి తీసే సీను

రాణి వేషం ఆమెదే. కానీ చనిపోయిన రాజు మీద పడి ఏడ్చే సీనులో ఆమెకు కన్నీరు రావడం లేదు.

"ఉల్లిపాయలు తెప్పించమంటావా అక్కా? రేపు కూడా ఇలాగే పొడికళ్లతో నిలబడితే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తాను," అని దర్శకుడు ఇంటికెళ్లాడు.

అందరూ వెళ్లాక ఆమె వేదిక మీద రెండు దిండ్లు పేర్చి, దుప్పటి కప్పి, ఒక్కతే మొదలుపెట్టింది.

"నన్నొదిలి ఎక్కడికి పోయావు ప్రభూ?"

గొంతు పొడిగానే ఉంది. హాలంతా నిశ్శబ్దం.

దుప్పటి కొంచెం లేచి, దిగింది. ఫ్యాను తిరగడం లేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

బతికున్నన్నాళ్లూ రాజు వేషం ఆమె భర్తదే. చచ్చినట్టు పడుకుని ఊపిరి బిగబట్టడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. జనం నవ్వకుండా ఆమె ఆయన పొట్టమీద చెయ్యి వేసి అదిమి, "కదలకయ్యా, పరువు పోతుంది," అని ఏడుపు మధ్యలోనే గొణిగేది.

అలవాటుగా చెయ్యి దుప్పటి మీదికి వెళ్లింది. అరచేతి కింద వెచ్చగా ఉంది.

కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. ఇక సీనులో మిగిలింది దుప్పటి తొలగించి రాజు ముఖం చూడటమే.

ఆమె తొలగించలేదు. నాటకంలో లేని మాటలు ఒక్కొక్కటే కలుపుకుంటూ, సీను అయిపోనివ్వకుండా ఏడుస్తూనే ఉంది.