బట్టీ పట్టని జవాబు

"అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?"

బిజినెస్ స్కూల్లో సీటు కోసం ఇంటర్వ్యూకొచ్చిన అతనికి గొంతు తడారిపోయింది.

నీళ్ళ డబ్బా కింద ఒలికిన తడి తుడుస్తున్న పెద్దావిడ గ్లాసు నింపి ఇచ్చింది. నలిగిన నేత చీర, అరిగిన చెప్పులు. ఆఫీసులో ఆయా అనుకున్నాడు.

నీళ్ళు తాగి మళ్ళీ కాగితాల్లో తల దూర్చాడు. పెదాలు కదుపుతూ చదువుకుంటున్నాడు.

ఆవిడ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఏంటి బాబూ, అంత దీక్షగా చదువుతున్నావు?"

"నా ఉద్యోగం గురించి అడుగుతారమ్మా. జవాబులు బట్టీ పడుతున్నాను."

"నీ ఉద్యోగం గురించి నువ్వే బట్టీ పట్టాలా?"

అతనికి చురుక్కుమంది.

"గొప్ప ఉద్యోగమైతే అక్కర్లేదు. నాది ఆసుపత్రిలో మాసిన దుప్పట్లు ఉతికించే పని. పదకొండేళ్ళుగా అదే. ఉన్నదున్నట్టు చెప్తే నవ్విపోతారు. అందుకే తెలిసినాయన చేత కాస్త ఘనంగా రాయించాను."

"ఏదీ, వినిపించు."

చదివాడు. అన్నీ నోరు తిరగని మాటలే. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విని, "బాగుంది గానీ, దుప్పటే ఎక్కడా కనబడలేదు" అంది.

పొద్దుట్నుంచీ మొదటిసారి అతనికి నవ్వొచ్చింది.

"పదకొండేళ్ళలో నీకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒక్కటి చెప్పు."

"ఒకటుంది. ఏ వార్డుకెళ్ళినా దుప్పట్లు చాలడం లేదని గోల. కొత్తవి కొనేద్దామన్నారు పైవాళ్ళు. నేను పదిరోజులు వార్డులన్నీ తిరిగాను. దుప్పట్లు తక్కువై కాదమ్మా, నర్సులు బీరువాల్లో దాచేస్తున్నారు."

"ఎందుకట?"

"భయం. మా బండి ఏ పూట వస్తుందో ఎవరికీ తెలీదు. రేపు రాకపోతే రోగికి ఏం పరుస్తాం అని. తప్పు వాళ్ళది కాదు, మాదే."

"మరేం చేశావు?"

"ఎవర్నీ ఒక్క మాట అనలేదు. వానొచ్చినా వరదొచ్చినా పొద్దున ఏడింటికి బండి వార్డు గుమ్మంలో ఉండేట్టు చేశాను. నెల తిరిగేసరికి దాచినవన్నీ వాటంతటవే బయటికొచ్చాయి. ఒక్కటి కూడా కొత్తది కొనలేదు."

అతని చేతులు గాల్లో బండి తోస్తున్నాయి. ఒళ్ళోని కాగితాలు ఎప్పుడో జారిపోయాయి.

"ఇది రాయలేదేం?"

"ఇదేం గొప్పమ్మా? రోజూ చేసేదే."

"రోజూ చేసేదాన్నే కదయ్యా అనుభవమంటారు."

ఆవిడ కిందపడ్డ కాగితాలు ఏరి అతని చేతికిచ్చింది.

"ఇంతకీ ఏ కోర్సుకి పెట్టావు?"

"రెండేళ్ళదానికి. ఉద్యోగం మానేసి చదవాలి. వారాంతాల్లో చెప్పేది కూడా ఉంది గానీ, దానికంత పేరు లేదంటున్నారు."

"చదివాక?"

"మా ఆసుపత్రికే తిరిగొచ్చేద్దామని. అక్కడ చక్కదిద్దాల్సినవి బోలెడున్నాయి. మందుల గది, వంటగది..."

"తిరిగి రావడానికి వెళ్ళిపోవడం దేనికి? ఆదివారం విన్నది సోమవారం మీ వార్డులోనే చేసి చూసుకోవచ్చుగా."

భార్య నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాలేదు మరి!

"ఇప్పుడు మార్చుకోనిస్తారా?" దిగులుగా అడిగాడు.

ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"లోపలికి పిలిచేలోపు మార్చుకోవచ్చు. ఆ బల్ల దగ్గరున్న గుమాస్తాని అడుగు. లే, ఆలస్యం చెయ్యకు."

అతను ఒక్క అంగలో వెళ్ళి, ఫారంలో పాతది కొట్టేసి కొత్తది రాశాడు. గుమాస్తా ఏదో అనబోయి, ఊరుకుని, ముద్ర వేశాడు.

లోపల ముగ్గురు కూర్చున్నారు.

"మీరేం చేస్తుంటారు?"

"మాసిన దుప్పట్లు ఉతికిస్తానండీ."

ఎవరూ నవ్వలేదు. అంతా విన్నాక మధ్యలో కూర్చున్నాయన అడిగాడు.

"దాచారని తెలిశాక బీరువాలు తెరిపించలేకపోయారా?"

"తెరిపిస్తే దుప్పట్లు దొరికేవండీ. నర్సులు దొరికేవారు కాదు."

ఆయన పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు.

అతను బయటికొచ్చేసరికి పెద్దావిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ లోపలికి వెళ్తోంది. టీ కప్పులు తేవడానికి కాబోలు అనుకున్నాడు. ఎలా జరిగిందన్నట్టు కళ్ళెగరేసింది. బాగా అన్నట్టు తలూపాడు. ఆవిడ ముఖం విప్పారింది.

షిఫ్టుకి వేళైపోతోంది. సీటొస్తే ఆవిడతో తీరిగ్గా మాట్లాడొచ్చులే అనుకుని బస్సు కోసం పరుగెత్తాడు.

మూడు వారాలకి సీటొచ్చినట్టు ఉత్తరం అందింది.

క్లాసుల మొదటిరోజు గంట ముందే వెళ్ళాడు. కింద వెతికాడు, మేడంతా వెతికాడు. ఆవిడ జాడ లేదు. చివరికి గుమాస్తా దగ్గరికొచ్చాడు.

"ఇక్కడ పనిచేసే పెద్దావిడ ఇవాళ రాలేదాండీ?"

"మా పనివాళ్ళలో ఆడవాళ్ళెవరూ లేరే!"

"అదేనండీ, నేను కోర్సు మార్చుకున్న రోజు నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే మీరూ చూశారు."

గుమాస్తా కలం కింద పెట్టాడు.

"ఆవిడా? మా మనిషి కాదండీ. మీలాగే ఇంటర్వ్యూకొచ్చారు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగంతా ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ చేతిమీదే నడుస్తోంది."

"అయితే ఏ క్లాసులో ఉన్నారు?" ఆత్రంగా అడిగాడు.

"చేరలేదండీ."

గుమాస్తా గొంతు తగ్గించాడు.

"వారాంతపు కోర్సులో మిగిలింది ఒక్క సీటే, దానికి మీరు తప్ప ఎవరూ లేరు, ఇంక నిశ్చింతగా ఉండండి అని ఆ పొద్దున ఆవిడకి నేనే చెప్పాను. మీరు ఫారం దిద్దేదాకా అది ఆవిడ సీటేనండీ."