నక్క నోట్లో చీటీ

“అమ్మా, కొంచెం గంజి పోస్తావా?”

గడప ముందు నిలబడిన మనిషిని తాయమ్మ ఎగాదిగా చూసింది. ఊరివాడు కాదు. ముతక పంచె, చంకలో కాగితాల చుట్ట, భుజాన నాలుగు రేకు డబ్బాల మూట.

పాపం, ఆకలి మీద ఉన్నాడనుకుంది. చిప్పలో గంజి పోసి, ఉప్పు వేసి, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ కూడా తెచ్చి ఇచ్చింది.

ఆయన నవ్వాడు.

“తాగేదానికి కాదమ్మా. కాగితాలు అతికించేదానికి.”

“అయ్యో, ఉప్పేసేస్తినే! అంటుకుంటాదా?”

“అంటుకోకుంటే తాగేస్తాలే తల్లీ.”

వేపచెట్టు కింద కూర్చున్నాడో లేదో, వాడలోని పిల్లలంతా మూగారు. నిక్కబొడిచిన రెండు చెవులు, కోసుగా మూతి, వెనక కుచ్చుతోక. కాగితం మీద నక్క లేచి కూర్చుంది. అట్లా నాలుగు నక్కలు గీశాడు. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన నూలు రంగులు పిల్లల ముందు పెట్టాడు.

“మీకు ఇష్టమైన రంగు ఎయ్యండి.”

తాయమ్మ కూతురు హులిగెమ్మ ఒక నక్కకు ఆకుపచ్చ పులిమింది.

“పచ్చ నక్క యాడన్నా ఉంటాదేమే?” పక్కింటి సిద్దమ్మ ఎగతాళి చేసింది.

“మా నక్క, మా ఇష్టం!” అంది ఆ పిల్ల.

ఆయన నక్కలను కత్తిరించి, ఒక్కో డబ్బాకు ఒక్కోటి ఉప్పుగంజితోనే అతికించాడు. నక్క నోరున్న చోట డబ్బాకు సన్నని సందు పెట్టాడు. చెట్టుకు కంబళి కట్టి, దాని వెనక డబ్బాలు వరసగా పేర్చాడు.

ఒక్కొక్కరికి ఒక చీటీ. కంబళి వెనకకు ఒక్కరే పోవాలి. నచ్చిన నక్క నోట్లో చీటీ వేసి రావాలి. అదీ ఆట.

“ఏమప్పా, నక్క గుర్తుకు ఓట్లడగను వస్తివా? ఎవురి పార్టీ?” సిద్దమ్మ గొంతెత్తి అడిగింది.

“ఎవరి పార్టీ కాదక్కా.”

“వచ్చినోల్లంతా అదే సెప్తారు!”

అందరూ నవ్వారు. తాయమ్మకు నవ్వు రాలేదు.

దేశంలో మొదటిసారి ఓట్లు వచ్చిన ఏడాది అది. నిలబడిన ఒక్కొక్కరికి వాళ్ళ గుర్తు అతికించిన ఒక్కో డబ్బా పెడతారు. ఊరిపెద్ద నాగప్ప నిన్ననే వాడకు వచ్చి చెప్పిపోయాడు.

“నేను సెప్పిన డబ్బాలోనే ఎయ్యల్ల. ఎవురు యాడ ఏసింది నాకు తెలిసిపోతాది. మాట తప్పినోల్లు నా సేన్లోకి అడుగు పెట్టద్దు.”

తాయమ్మ, మొగుడు ఉచ్చీరప్ప ఇద్దరూ బతికేది నాగప్ప పత్తిచేనును నమ్ముకునే.

పోటీకి నిలబడినవాళ్ళలో ఇంకొకాయన మాత్రం వాడలో బావి తవ్విస్తానన్నాడు. వాడకు బావి లేదు. ఊరిబావి దగ్గర ఎవరికో దయ పుట్టి పోసేదాకా, కడవ పట్టుకుని ఎండలో నిలబడాల్సిందే.

బావి కావాలా, కూలి కావాలా? నిన్నటి నుంచి తాయమ్మ మనసు మనసులో లేదు.

అంతలో హులిగెమ్మ ఎగురుకుంటూ వచ్చింది.

“నీ సీటీ ఏ నక్కకేస్తివే?”

“సెప్పను.”

“అమ్మకు గూడానా?”

“అమ్మకు గూడా సెప్పద్దన్నాడు. నాయన కొట్టినా సెప్పద్దన్నాడు.”

ఊరూ పేరూ తెలియని మనిషి, ఆడపిల్లకు కన్నతల్లి దగ్గర దాపరికం నేర్పుతాడా?

తాయమ్మ చీపురు తీసుకుని పరుగెత్తింది.

“ఏమప్పా, పిల్లోల్లకు అమ్మానాయన దగ్గర దాసేది నేర్పుతాండావా?”

“అది దాచుకోవల్సిన మాటేనమ్మా. పిల్లలే కాదు, మీరు గూడా...”

“మాగ్గూడా నేర్పుతావా!”

చీపురు ఆయన వీపు మీద పడింది. సిద్దమ్మ కేకలేసింది. మగవాళ్ళు కట్టెలు పట్టుకుని వచ్చారు.

“ఒక్క మాట వినండమ్మా,” అంటూనే వెనక్కి వెనక్కి నడిచాడు. ఎవరూ వినలేదు. డబ్బాలు అక్కడే వదిలేసి ఆదోని బాట పట్టాడు.

ఓట్ల రోజు వచ్చింది. పక్క ఊరి చావడిలో తాయమ్మ వేలికి సిరా పూసి, చేతిలో చీటీ పెట్టి, తెర వెనకకు పంపారు.

లోపల ఆమె ఒక్కతే. ఎదురుగా డబ్బాలు.

బావి తవ్విస్తానన్న మనిషి డబ్బా దాకా చెయ్యి పోయింది. ‘నాకు తెలిసిపోతాది’ అన్న మాట చెవిలో గింగురుమంది. చెయ్యి వెనక్కి వచ్చింది. కళ్ళు మూసుకుని నాగప్ప చెప్పిన డబ్బాలోనే చీటీ వేసింది.

బయటికి వచ్చి, చీటీ ఇచ్చిన గుమాస్తా ముందు నిలబడింది.

“అప్పా, నాగప్ప సెప్పిన డబ్బాలోనే ఏసినా. మీరే సాచ్చెం. ఆయనకు ఒక మాట సెప్పండి.”

గుమాస్తా విస్తుపోయాడు.

“ఎవరు ఎందులో వేసింది మాకే తెలియదు కదమ్మా. మేమేం చెప్తాము?”

“నాగప్పకు తెలీదా?”

“ఎవరికీ తెలియదు. నీ ఒక్కదానికే తెలుసు.”

తాయమ్మ మెల్లగా చెయ్యి చాపింది.

“ఇంగొక సీటీ ఇయ్యప్పా.”

“మనిషికి ఒకటేనమ్మా.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఈ మాట ముందే సెప్పను ఒక్క నరపురుగన్నా మా ఊరికి రాలేదే!”

“రాకపోవడమేమి? మా తాలూకా కచేరీలో పనిచేసే గోవిందన్న వచ్చినాడు కదా,” అన్నాడు గుమాస్తా. “పెద్దవాళ్ళు భయపడి తలుపులు వేసుకుంటారు, పిల్లలకు ఆటగా నేర్పితే ఇంటికి పోయి చెప్తారన్నాడు. నిలబడినవాళ్ళ గుర్తు ఏదీ ఆయన చూపించకూడదు, అందుకని ఎవరిదీ కాని నక్కను గీసుకుని వచ్చినాడు.”