మెరక నేల

"చావనైనా చస్తారు గానీ ఇక్కణ్ణుంచి కదలరన్నమాట!" అంటూ ప్రొఫెసర్‌గారు కుర్చీలోంచి సగం లేచారు.

వలలు దాచుకునే రేకుల షెడ్డులో నేల మీద కూర్చున్న జనం తలలు దించుకున్నారు. వలలు బాగుచేసే పెద్దక్క మాత్రం దించలేదు. మొన్నటి పోటుకి ఆమె వంటగది గోడ సముద్రంలో కలిసిపోయింది. పొయ్యి ఇప్పుడు వాకిట్లో ఉంది.

"కదలమని ఎవరన్నారు సారూ? ఎక్కడికి కదలాలో చెప్పమంటున్నాం."

ప్రొఫెసర్‌గారు తన విద్యార్థుల వైపు తిరిగి నవ్వారు. తీర పరిరక్షణ, ప్రజలతో కలిసి పనిచేయడం అంటూ యూనివర్సిటీలో కొత్తగా పెట్టిన కోర్సుకి ఆయనే పెద్ద. ఈ పేటని మెరక నేలకి తరలించడం ఈ ఏడాది ప్రాజెక్టు. అందుకే ఇంతదూరం వచ్చారు, ఇసుక అంటకుండా బూట్లకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని.

"చూశారా? దీన్నే అవగాహనా లోపం అంటారు. రాసుకోండి," అన్నారు.

పిల్లలు రాసుకున్నారు.

"ఊళ్లోకి పోతే మమ్మల్ని ఎవరు రానిస్తారు బాబూ?" అందొక ముసలమ్మ. "బస్సెక్కితేనే ముక్కులు మూసుకుంటారు."

"ఏ కాలంలో ఉన్నావమ్మా నువ్వు? చదువుకున్నవాళ్లెవరూ అలా అనుకోరు. మీలో మీరే ముడుచుకుపోయి లోకాన్ని ఆడిపోసుకుంటారు. సాటి మనిషికి పక్కన ఇంత చోటివ్వడాన్ని మించిన ధర్మం ఏముంది?"

ఆయన గొంతు వణికింది. తన మాటలకి తానే కరిగిపోవడం ఆయనకి అలవాటు.

"సముద్రానికి జాలుంటుందా? ఇవాళ వంటగది తీసుకుంది. రేపు నిద్రలో ఉన్న పిల్లల్ని లాక్కుపోతుంది. అప్పుడు గుండెలు బాదుకుని ఏం లాభం?"

ఆ మాట తగిలింది. మూలనున్న బాలింత బిడ్డని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. మగవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈసారి పెద్దక్క కూడా తల దించుకుంది. గోడ కూలిన ఆ ఇంటికి ఇటుక ఇటుకా మోసింది ఆమే.

"సరే సారూ," అంది చివరికి, అరచేత్తో కళ్లు తుడుచుకుంటూ. "పిల్లల కోసం పోతాం. మీ మాట మీదే లేస్తున్నాం. నడిసముద్రంలో వదిలెయ్యకండి."

"నేనుండగా మీకా భయం లేదు!"

చప్పట్లు మోగాయి. ఎవరో ఫొటో తీశారు. ప్రొఫెసర్‌గారు కెమెరా వైపు కాస్త తిరిగి, బాలింత చేతిలోని బిడ్డ తల నిమిరారు.

"స్థలం కూడా మా పిల్లలే వెతికిపెట్టారు. చెప్పమ్మా," అన్నారు, ఊరంతా తిరిగి సర్వే చేసొచ్చిన అమ్మాయిని ముందుకు పిలుస్తూ.

ఆ అమ్మాయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సార్, ముందు మీతో ఒక్క మాట..."

"నాతో ఏంటి? వాళ్లకి చెప్పు. ప్రజల దగ్గర గుట్టేమిటి?"

అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది. "మెరకగా ఉండాలి, మునిసిపాలిటీది అయ్యుండాలి, రేవుకి నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. అన్నీ కుదిరింది ఒక్కటే సార్. ప్రొఫెసర్ల కాలనీలో ఖాళీ మైదానం."

"కాలనీలోనా? ఏ మైదానం?"

"మీ ఇంటి ఎదురుగా ఉన్నదే సార్."

షెడ్డు హోరెత్తిపోయింది. "సారుకి ఎదురింటోళ్లమా మనం!" అంటూ పెద్దక్క మొదటిసారి నవ్వింది. ముసలమ్మ గబగబా వచ్చి ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. "నీ నీడన బతుకుతాం నాయనా!"

ప్రొఫెసర్‌గారు చేతులు మెల్లగా విడిపించుకుని, జేబురుమాలుతో వేలు వేలూ తుడుచుకున్నారు. తలుపులోంచి కాసేపు అలల వైపు చూశారు. తర్వాత ఎంతో ఓదార్పుగా అన్నారు:

"మీరు మరీ కంగారు పడకండమ్మా. సముద్రం అంత తొందరగా ఏమీ రాదులెండి."