పైకి వేలాడిన గుండు

మేస్త్రికి చిన్నప్పటి నుంచీ ఒకటే భయం. భూమి ఎప్పుడో పట్టు వదిలేస్తుంది, తను ఆకాశంలోకి పడిపోతాడు. అందుకే ఎంత ఉక్కపోసినా డాబా మీద పడుకోడు. "నిన్ను మోయలేక భూమికే నడుం పడిపోతోంది, ఆకాశానికి నువ్వెందుకయ్యా?" అని భార్య నవ్వేది.

ఆ రాత్రి లైటు పెట్టుకుని ఐదో అంతస్తు పైన పిట్టగోడ పూర్తి చేయాలి. భార్య సిమెంటు మాలు కలుపుతోంది. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రి దారం కట్టిన ఇనుప గుండును వదిలాడు. దారం బిగుసుకోలేదు. గుండు చప్పుడు లేకుండా అతని మొహం దాటి పైకి లేచి, దారం పొడుగునా సాగి ఆగింది.

కింద వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

"దిగిపోదాం పదయ్యా," అంది భార్య.

మేస్త్రి తలెత్తి గుండుకేసి చూశాడు. మరుక్షణం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు భయపెట్టింది చాలక, ఇప్పుడు పనికి కూడా అడ్డమొస్తుందా ఈ ఆకాశం?

"పైకైతే పైకే. నిటారు నిటారే కదా!"

దారం కొసను గోడ అడుగున ఆనించి, పైకి నిలిచిన దారంతోనే గోడను సరిచూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తలెత్తి చీకటితో, "ఇప్పుడు వంక పెట్టు చూద్దాం," అన్నాడు.

"మాలు ఇవ్వవే."

ఆమె తట్ట ఎత్తింది. అతను చెయ్యి చాచాడు. అందలేదు. కిందికి చూస్తే, తన అరికాళ్ళకీ శ్లాబుకీ మధ్య నుంచి లైటు వెలుగు అవతలికి పోతోంది.

"ఇంకాస్త పైకెత్తవే," అన్నాడు తాపీ వదలకుండా. "ఇంకో వరస ఉంది."