కిటికీ పక్క గోడ

"ఈసారి కూడా ఖాళీ లేదా సార్?" చంకలో నేను గీసిన బొమ్మను దించకుండానే అడిగాను.

"గోడలన్నీ నిండిపోయాయమ్మా," అన్నాడు కాలనీ గ్యాలరీ మేనేజరు.

"చెప్పులరిగేలా తిరుగుతున్నాను. మీ పడవ బొమ్మ మాత్రం ఏళ్ళ తరబడి కిటికీ పక్కనే ఉంటుంది. ఇంకెవరికీ కుంచె పట్టడం రాదనా?"

ఆయన తన బొమ్మను మేకు నుంచి దించాడు. వెనక గోడంతా చెమ్మ. కాన్వాసు వెనక నల్లటి బూజు.

"లోపల పైపు కారుతోంది. ఎన్నిసార్లు మొత్తుకున్నా కాలనీ కమిటీ వాళ్ళు బాగుచేయరు. ఈ మరక కనిపిస్తే గ్యాలరీనే మూసేస్తారు. ఇక్కడ ఎవరి బొమ్మను బలిపెట్టమంటావు?"

నా బొమ్మను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ఆయన పడవను మళ్ళీ తగిలించాడు. అందులో ఒకామె కూర్చుని ఉంది. చెమ్మకు ఆమె ముఖం చెరిగిపోతోంది. ఇన్నేళ్ళూ ఆ బొమ్మను తిట్టుకున్నానే గానీ, చూడటం అదే మొదటిసారి.