అక్క రాసిన ఒక్క వాక్యం

వంటింటి కుళాయి బిగించి, తమ్ముడు తడిచేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"ఇంక కారదులే అక్కా."

"పోయిన నెలా ఇదే మాటన్నావు," అంది అక్క.

నెలకో ఆదివారం పొద్దున్నే వస్తాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి పోతాడు. అరవై దాటినా చేతులు ఊరుకోవు. ఈసారి ఆవిడకి కొత్త కళ్లజోడు కూడా తెచ్చాడు. ఆవిడ పెట్టుకుని చూసి, వీధి చివర పుస్తకాల కొట్టు ఇంకా ఉందా అని అడిగింది. ఎప్పుడో ఎత్తేశారన్నాడు.

టీ తాగుతూ మళ్లీ ఆ సంగతికే వచ్చారు. వాళ్ల మాటలు ఎటు తిరిగినా చివరికి అక్కడికే చేరతాయి.

పద్నాలుగేళ్ల కిందట ఆవిడ పెద్ద కోర్టులో న్యాయమూర్తి, అతను రాజధానిలో ఉన్న దళాలకి అధిపతి. అప్పటి అధ్యక్షుడు గడువు తీరినా కుర్చీ దిగనన్నాడు. ఎన్నికలు రద్దు చేసి, శాసనసభకి తాళం వేయించాడు. అది రాజ్యాంగ విరుద్ధమని, వెంటనే దిగిపోవాలని తీర్పు రాసింది ఆవిడే. ఈ తీర్పును ప్రభుత్వ వ్యవస్థలన్నీ అమలు చేయాలన్నది అందులో ఆఖరి వాక్యం.

తమ్ముడు ఆ వాక్యం పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. సైన్యం కూడా వ్యవస్థే కదా అన్నాడు. ఆవిడ వద్దంది. ఉద్యోగులు పని మానేశారు, జనం రోడ్ల మీద కూర్చున్నారు, మంత్రులే ఒక్కొక్కరుగా జారుకుంటున్నారు, ఇంకో పది రోజులు ఓపిక పట్టమంది. ఆ పది రోజుల్లో అధ్యక్షుడు ఎంతమందిని కాల్పిస్తాడో చెప్పగలవా అని తమ్ముడు అడిగాడు.

మర్నాడు ఉదయమే దళాలు అధ్యక్ష భవనం వైపు కదిలాయి.

"గేటు దగ్గర కాపలా ఆయన ఆపాడక్కా," అన్నాడు తమ్ముడు కప్పులోకి చూస్తూ. ఈ గేటు సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. "నాకంటే పెద్దవాడు. పింఛనుకి దగ్గరపడ్డవాడు. సెల్యూట్ చేసి, ఉత్తర్వు చూపించండి సార్, గేటు తీస్తానన్నాడు."

"ఏం చూపించావు?"

"నీ తీర్పు నకలు చూపించాను. నిలబడి మొత్తం చదివాడు. ఇందులో మీ పేరెక్కడా లేదు సార్ అన్నాడు."

అక్క కప్పు కింద పెట్టింది. "తర్వాత?"

"మావాళ్లలో ఎవరో తొందరపడ్డారు."

లోపల అధ్యక్షుడు ఇంటి బట్టల్లో, గడ్డానికి సబ్బు నురగతో దొరికాడు. మొహం కడుక్కుని వస్తానని అడిగితే సైనికులు నవ్వారు. వాళ్లతోపాటు తమ్ముడూ నవ్వాడు. తొంభై రోజుల్లో ఎన్నికలని ఆ సాయంత్రం రేడియోలో ప్రకటిస్తే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. గేటు దగ్గర మరకల్ని అప్పటికే కడిగేశారు.

"ఆ రోజు నీ మాట వినాల్సింది," అన్నాడు.

"నేనూ ఆ వాక్యం ఊరికే వదిలేయకుండా ఉండాల్సింది. సైన్యం తప్ప అని ఒక్క ముక్క చేర్చినా సరిపోయేది."

ఆవిడ ఖాళీ కప్పులు ఒక పక్కకి జరిపింది.

"ఒరేయ్, ఇదంతా నా ముందు చెప్పుకుంటే ఏం లాభం? ఆ కాపలా ఆయన ఇంట్లోవాళ్లకి చెప్పు. అందరికీ వినపడేలా చెప్పు."

"ఎంతమంది మెడకి చుట్టుకుంటుందో నీకు తెలీదక్కా. ఇప్పుడది నా ఒక్కడి చేతిలో లేదు."

"మొదట్లో నీ చేతిలోనే ఉండేది కదరా."

అతను తల దించుకున్నాడు. ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు తుడుచుకోవడానికి కూడా వదల్లేదు. చివరికి లేచి, ఒంట్లో జాగ్రత్త అని చెప్పి, వచ్చే నెల వస్తానన్నాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

బయట ఒక అధికారి ఫైలు తెరిచి పట్టుకున్నాడు. తమ్ముడు జేబులోంచి పెన్ను తీశాడు.

అధ్యక్షుడి సంతకంతో అక్క గృహనిర్బంధం మరో ఏడాది పెరిగింది.